బంతి అందని పిల్లకి మార్కులు వేసేదెలా?

(బాలికల విద్యపై పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ ఇక్కడ మనం బడి మధ్యలో మానేసిన ఆడపిల్లల గురించి, బాల్యవివాహాల గురించి, నీళ్ళు రాని మరుగుదొడ్ల గురించి మాట్లాడుకుంటున్నాం. ఇన్ని తీవ్రమైన సమస్యల మధ్య నాకు అప్పగించిన అంశం, ఆటల పీరియడ్‌లో పిల్లల నైపుణ్యాన్ని ఎలా అంచనా వేయాలి అన్నది. "మార్కుల సంగతి డ్రిల్లు సారు చూసుకుంటారు కదా, మనకెందుకు?" అని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. మనకెందుకో చెప్పడమే నా ప్రయత్నం.

మార్కు చిన్న అంకె. కానీ ప్రతి అంకె వెనకా ఒక నిర్ణయం ఉంటుంది. దేన్ని నైపుణ్యం అనాలి, దేన్ని అనక్కర్లేదు, దేన్ని చూడాలి, దేన్ని చూడకుండా వదిలేయవచ్చు అన్న నిర్ణయం. స్త్రీల శ్రమ విషయంలో ఇలాంటి నిర్ణయాలు ఎవరు చేశారో, వాటివల్ల మనం ఏం పోగొట్టుకున్నామో మనకి తెలుసు. ఆటస్థలంలోనూ అదే జరుగుతోందన్నది నా వాదన. జట్టు ఆటల్లో అమ్మాయిల చేతకానితనంగా నమోదవుతున్న దానిలో చాలా భాగం నిజానికి వాళ్ళకి అందని అవకాశం. అవకాశాన్ని లెక్కించకుండా నైపుణ్యాన్ని మాత్రమే లెక్కిస్తే, జరిగిన వివక్షే మార్కు రూపంలో ఆ పిల్ల పేరు పక్కన చేరుతుంది.

చట్టం ఏమంటోంది

ఆట హక్కు అని మనం కొత్తగా అంటున్నది కాదు. స్త్రీలపై అన్ని రకాల వివక్షల నిర్మూలన కోసం 1979లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం (సీడా) విద్య గురించి చెప్పే 10వ అధికరణంలోనే, క్రీడల్లోనూ వ్యాయామ విద్యలోనూ చురుగ్గా పాల్గొనేందుకు సమాన అవకాశం ఉండాలని చెప్పింది. మన దేశం దాన్ని 1993లో ఆమోదించింది. 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణం ఆటని ప్రతి బిడ్డ హక్కుగా గుర్తించింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందకు మించి పిల్లలున్న చోట ఆరోగ్య, వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలనీ ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆరోగ్య, వ్యాయామ విద్యను చదువులో భాగం చేయాలంది.

చట్టం ఆటస్థలం ఉండాలంది. అందులో ఎవరు ఎంతసేపు ఆడుతున్నారో చూడమని చెప్పలేదు. సీడాలో ఉన్న "చురుగ్గా పాల్గొనడం" అన్న మాటని ఆటల పీరియడ్‌లో ఎలా గుర్తించాలి? హాజరు పట్టీలో గుర్తు పడితే పాల్గొన్నట్టేనా? గీత లోపల నిలబడితే పాల్గొన్నట్టేనా? అంచనా వేసే పద్ధతి హక్కుల ప్రశ్న అయ్యేది ఇక్కడే.

ఏ ఆటలు ఎవరికి

వ్యాయామ విద్య గురించి రాసేవాళ్ళు ఆటల్ని కుటుంబాలుగా విడదీస్తారు. వల అడ్డంగా ఉండే ఆటలు ఒక కుటుంబం. బంతిని కొట్టి పరుగులు తీసే ఆటలు మరొకటి. గురి చూసి కొట్టేవి ఇంకొకటి. నాలుగోది, ఎదుటి జట్టు స్థలంలోకి చొచ్చుకుపోయి గోలో బుట్టో సాధించే ఆటలు. ఫుట్‌బాల్, హాకీ, బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఇందులోకి వస్తాయి. పుస్తకాల్లో ఎక్కువగా ఈ బంతి ఆటల్నే ఉదాహరణగా ఇస్తారు గాని, ఎదుటివాళ్ళ గడ్డ మీదకి ఊపిరి బిగబట్టి వెళ్ళి తిరిగి రావలసిన మన కబడ్డీని మించి చొచ్చుకుపోయే ఆట ఏముంది?

ఇప్పుడు మన బళ్ళలో ఆడపిల్లలకి సాధారణంగా ఏ ఆటలు ఇస్తారో గుర్తు చేసుకోండి. టెన్నికాయిట్, త్రోబాల్. రెండూ మంచి ఆటలే. కానీ రెండింటిలోనూ మధ్యలో వల ఉంటుంది. ఎవరి గడి వాళ్ళది. ఇంటి దగ్గర ఆడే తొక్కుడుబిళ్ళకి నాలుగు గీతల చోటు చాలు. అచ్చనగాయలకి అరుగు చాలు. మగపిల్లలు గోటీబిళ్ళకి వీధంతా వాడుకుంటారు, చెడుగుడుకి చెరువుగట్టుదాకా వెళతారు. పిల్ల ఎదిగేకొద్దీ ఆడుకునే చోటు తగ్గిపోతుంది. ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన ఒక వ్యాసంలో అమ్మాయిలు బంతి విసిరేటప్పుడు తమ చుట్టూ ఉన్న చోటుని పూర్తిగా ఎందుకు వాడుకోరు అన్న ప్రశ్న తీసుకుంది. అది కండరాల సంగతి కాదనీ, ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతకమని నేర్పిన సమాజం సంగతనీ వివరించింది. ఆవిడ రాసింది అమెరికా గురించే అయినా, "ఒద్దికగా కూర్చో" అన్న మాట వింటూ పెరిగిన మనకి అనువాదం అక్కర్లేదు.

చొచ్చుకుపోయే ఆటలు ఈ పెంపకానికి నేరుగా ఎదురు నిలుస్తాయి. ఎదుటివాళ్ళ చోటులోకి వెళ్ళాలి. దారికి అడ్డం పడాలి. తగలాలి, తగిలించుకోవాలి. "నాకివ్వు" అని గట్టిగా అరవాలి. కబడ్డీలో అయితే కూత పెట్టాలి. అందువల్ల ఈ ఆటల్లో అమ్మాయిల్ని అంచనా వేసేటప్పుడు మనం చూస్తున్నది ఆ నలభై నిమిషాల పీరియడ్ ఒక్కటే కాదు, అంతకు ముందు పదేళ్ళు వాళ్ళకి ఏం నేర్పామో కూడా.

ఆటల నియమాల్లోనే ఈ చరిత్ర ఉంది. మగవాళ్ళ కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడవాళ్ళది 12 మీటర్లు, 8 మీటర్లు. మగవాళ్ళ ఆట 40 నిమిషాలు, ఆడవాళ్ళది 30. కూతకి మాత్రం ఇద్దరికీ 30 సెకన్లే. ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ 1990లో చేరితే మహిళల కబడ్డీ చేరడానికి 2010 దాకా పట్టింది. చేరిన ఆ ఏడాదే మన మహిళలు స్వర్ణం తెచ్చారు. 2014లోనూ తెచ్చారు. 2018 ఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడి, 2023లో హాంగ్‌జౌలో మళ్ళీ గెలిచారు. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా తలుపు తీశారు గాని, లోపలికి రాగానే ఆడి చూపించారు.

ఇప్పుడు వేస్తున్న మార్కులు

ఇక మార్కుల సంగతి. మన తెలుగు రాష్ట్రాల్లో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక వ్యాయామ, ఆరోగ్య విద్యకు కూడా సహపాఠ్య అంశంగా గ్రేడు ఇవ్వడం మొదలైంది. వ్యాయామోపాధ్యాయులు లేని బడిలో ఈ గ్రేడు ఎవరు వేస్తారు? తరగతి ఉపాధ్యాయులే, పిల్ల ప్రవర్తన చూసి, తెల్ల బూట్లు వేసుకొచ్చిందో లేదో చూసి వేసేస్తారు. బుద్ధిగా వరసలో నిలబడిన పిల్లకి మంచి గ్రేడు వస్తుంది. ఆడినందుకు కాదు, అల్లరి చేయనందుకు.

సీబీఎస్ఈలో పన్నెండో తరగతికి వ్యాయామ విద్యను ఒక సబ్జెక్టుగా తీసుకుంటే 70 మార్కులు రాతపరీక్షకి, 30 ప్రయోగ పరీక్షకి. ఇటీవలి సంవత్సరాల్లో ఆ 30ని దేహ దారుఢ్య పరీక్షకి 6, ఎంచుకున్న ఒక ఆటలో ప్రావీణ్యానికి 7, యోగాకి 7, రికార్డు పుస్తకానికి 5, మౌఖిక పరీక్షకి 5 అని విభజించారు. అంటే నూటికి ఏడు మార్కులు ఆటకి. ఆ ఏడు కూడా చాలాచోట్ల ఆట ఆడించి వేసేవి కావు. శంఖుల మధ్య నుంచి బంతిని తీసుకెళ్ళమంటారు, నిలబడి గోల్ కొట్టమంటారు, వేస్తారు.

ఖేలో ఇండియా కార్యక్రమం కింద బడి పిల్లలకి పెట్టే దారుఢ్య పరీక్షల్లో ఎత్తు బరువుల నిష్పత్తి, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని ముందుకి వంగడం, పొట్ట కండరాల బలం, దండీలు ఉంటాయి. దండీలు అబ్బాయిలకి మామూలువి, అమ్మాయిలకి కొంచెం సులువు చేసినవి. ఆరోగ్యం తెలుసుకోవడానికి ఇవి పనికొస్తాయి. నేను వాటిని కాదనడం లేదు. కానీ 600 మీటర్లు ఎంతసేపట్లో పరిగెత్తిందో తెలిస్తే ఆ పిల్లకి హ్యాండ్‌బాల్ వచ్చో రాదో తెలియదు. రక్తహీనత ఉన్న పిల్ల, పొద్దున్నే ఇంటిపని చేసి టిఫిన్ తినకుండా వచ్చిన పిల్ల 600 మీటర్ల పరుగులో వెనకబడితే, అది ఆమె ఆట మీద తీర్పు కాదు, ఆమె కంచం మీద తీర్పు.

ఆటనే చూసే పద్ధతులు

ఈ లోపాన్ని వ్యాయామ విద్యా రంగంలో కొందరు ముందే గుర్తించారు. ఇంగ్లండులో లఫ్‌బరోలో పనిచేసిన బంకర్, థోర్ప్ 1982లో ఒక కొత్త ప్రతిపాదన చేశారు. ముందు బంతి తన్నడం నేర్పి, తర్వాత ఆట నేర్పడం కాదు. ముందు చిన్న ఆట ఆడించి, ఆటలో వచ్చే చిక్కుల్ని అర్థం చేసుకోనిచ్చి, ఆ చిక్కు విప్పడానికి కావలసిన నైపుణ్యం తర్వాత నేర్పాలన్నారు. బోధన మారాక అంచనా మారక తప్పదు. 1990ల చివర్లో రెండు పద్ధతులు వచ్చాయి. రెండింటినీ మీకు విప్పి చెబుతాను. మన పని వాటితో ఉంది.

మొదటిది 1997లో ఫ్రాన్స్, కెనడా పరిశోధకులు గ్రెయేన్, గోడ్బూ, బూతియే రూపొందించిన జట్టు ఆటల అంచనా పద్ధతి. ఒక పిల్ల ఆడుతుంటే ఇంకో పిల్ల కాగితం పట్టుకుని గీతలు గీస్తుంది. బంతి ఎన్నిసార్లు అందుకుంది, ఎన్నిసార్లు ఎదుటివాళ్ళ నుంచి గెలుచుకుంది, ఎన్నిసార్లు పోగొట్టుకుంది, ఎన్నిసార్లు గోలు వైపు ఆట సాగేలా అందించింది, ఎన్నిసార్లు గోలు మీదకి సరిగ్గా వేసింది. అందుకున్నవీ గెలుచుకున్నవీ కూడితే ఆటలో ఆమె పాలు ఎంతో తెలుస్తుంది. గెలుచుకున్నవి, ముందుకి అందించినవి, సరిగ్గా వేసినవి కూడి, దాన్ని పోగొట్టుకున్నవాటికి 10 కలిపిన అంకెతో భాగిస్తే ఆమె సామర్థ్యం వస్తుంది. పాలులో సగం, సామర్థ్యానికి పది రెట్లు కూడితే మొత్తం స్కోరు.

రెండోది 1998లో అమెరికాలో ఆస్లిన్, మిచెల్, గ్రిఫిన్ ప్రకటించిన ఆటతీరు అంచనా సాధనం. ఇందులో ఏడు అంశాలున్నాయి. ఒక్కొక్క కదలిక తర్వాత తన చోటికి తిరిగి రావడం, ఆట గతిని బట్టి జరగడం, సరైన నిర్ణయం తీసుకోవడం, ఆ నిర్ణయాన్ని చేతల్లో పెట్టడం, బంతి ఉన్న తోటివాళ్ళకి అందుబాటులో ఖాళీ చోటుకి వెళ్ళడం, తోటివాళ్ళు తప్పితే వెనక కాపు ఉండడం, ఎదుటి ఆటగాళ్ళని వదలకుండా కనిపెట్టుకుని ఉండడం. ఆటని బట్టి ఇందులో రెండో మూడో ఎంచుకుని, సరిగ్గా చేసినవి ఎన్ని, చేయనివి ఎన్ని అని గుర్తు పెడతారు.

రెండింటి మధ్య తేడా చూశారా? మొదటిది బంతి చేతిలో ఉన్నప్పుడు ఏం జరిగిందో చూస్తుంది. రెండోది బంతి లేనప్పుడు ఏం చేసిందో కూడా చూస్తుంది. ఈ తేడా ఎంత పెద్దదో ఒక లెక్క వేసి చూద్దాం.

పద్మ లెక్క

ఇది నేను ఉదాహరణ కోసం కట్టిన లెక్క. ఆరో తరగతి పిల్లలు, ఐదుగురేసి జట్లు, పది నిమిషాల హ్యాండ్‌బాల్. ఒకే జట్టులో నాగరాజు, పద్మ ఉన్నారు. నాగరాజుకి 14 సార్లు బంతి అందింది, 4 సార్లు గెలుచుకున్నాడు. 6 సార్లు పోగొట్టుకున్నాడు, 6 సార్లు ముందుకి అందించాడు, 2 సార్లు గోలు మీదకి సరిగ్గా వేశాడు. ఆటలో అతని పాలు 18. సామర్థ్యం, 12ని 16తో భాగిస్తే, 0.75. మొత్తం స్కోరు 9కి 7.5 కలిపి 16.5.

పద్మకి 2 సార్లు బంతి అందింది, 2 సార్లు గెలుచుకుంది. ఒక్కసారీ పోగొట్టుకోలేదు. 3 సార్లు ముందుకి అందించింది. ఆమె పాలు 4. సామర్థ్యం, 5ని 10తో భాగిస్తే, 0.5. మొత్తం స్కోరు 2కి 5 కలిపి 7.

16.5 ఎక్కడ, 7 ఎక్కడ! మార్కుల పుస్తకంలో పద్మ నాగరాజులో సగం కూడా కాదు. కానీ ఆమె చేతిలో పడిన నాలుగు బంతుల్లో మూడు గోలు వైపు సాగాయి. ఒక్కటీ వృథా కాలేదు. నాగరాజు మూడు బంతులకి ఒకటి చొప్పున పోగొట్టాడు. పద్మకి రానిది ఆట కాదు, బంతి.

ఇప్పుడు రెండో పద్ధతిలో ఒకే ఒక అంశం, అంటే ఖాళీ చోటుకి వెళ్ళడం, చూద్దాం. మా లెక్కలో పద్మ అలా వెళ్ళవలసిన సందర్భాలు 15 వచ్చాయి, 12 సార్లు వెళ్ళింది. నూటికి 80. ఆ 12 సార్లలో బంతి ఆమెకి వచ్చింది 2 సార్లు. మిగతా పది సార్లు తప్పు నిర్ణయం ఎవరిది? ఖాళీగా ఉన్న పద్మని చూడకుండా, ముగ్గురి మధ్య ఇరుక్కున్న స్నేహితుడికే బంతి వేసినవాడిది. మొదటి లెక్కలో పద్మ లోపంగా కనిపించింది రెండో లెక్కలో నాగరాజు నేర్చుకోవలసిన పాఠంగా బయటపడుతుంది. పిల్లలు మారలేదు, ఆట మారలేదు. చూసే చూపు మారింది.

నాగరాజుని దుర్మార్గుడని అనడం లేదు. "అమ్మాయికిచ్చినా పట్టుకోదులే" అన్న నమ్మకం అతనిలో పుట్టింది కాదు, అతనికి అందింది. ఆ నమ్మకానికి మార్కుల పుస్తకం సాక్ష్యం పలికితే అది గట్టిపడుతుంది. బంతి వేయరు, వేయరు కాబట్టి స్కోరు రాదు, స్కోరు రాలేదు కాబట్టి మళ్ళీ వేయరు. బడి జట్టుకి ఎంపిక, మండల పోటీలు, ఆటల కోటాలో కాలేజీ సీటు, ఉద్యోగం అన్నీ ఆ దారిలో ముందుకి ఉన్న మెట్లు. పద్మని ఆ దారిలో మొదటి మెట్టు దగ్గరే ఆపేసింది పది నిమిషాల ఆటలో రాని పది బంతులు.

లెక్కలోకి రాని పని

ఈ లెక్క మనకి ఎక్కడో విన్నట్టుంది కదూ? జీతం రాని పనిని పనిగా లెక్కించని అర్థశాస్త్రం గురించి మనం ఎన్ని సదస్సుల్లో మాట్లాడుకున్నాం! 2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని, అదే పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. లెక్కించేదాకా ఆ నిమిషాలు లేనట్టే ఉన్నాయి. మైదానంలో బంతి లేకుండా పరిగెత్తడం, తోటివాళ్ళకి దారి చేయడం, వెనక కాపు కాయడం కూడా అలాంటి పనే. గోల్ కొట్టినవాడికి చప్పట్లు. ఎదుటివాళ్ళని తన వెంట తిప్పుకుని ఆ గోలుకి ఖాళీ చేసిన పిల్లకి ఏమీ లేదు. నిజానికి ఐదుగురి జట్టులో బంతి ఒక క్షణంలో ఒక్కరి దగ్గరే ఉంటుంది. మిగతా నలుగురి ఆటంతా బంతి లేని ఆటే. దాన్ని లెక్కించని అంచనా ఆటలో చిన్న ముక్కనే చూసినట్టు.

అయితే ఒక హెచ్చరిక. అమ్మాయిలు సహాయపు పనిలో బాగా రాణిస్తారని మెచ్చుకుని, వాళ్ళని ఎప్పటికీ అక్కడే ఉంచడం మనకి తెలిసిన ఉచ్చే. బంతి లేని పనికి మార్కు ఇవ్వాలి, బంతి కూడా ఇవ్వాలి. అందుకే ఆటలో పాలు ఎంతన్న అంకెను స్కోరులో కలిపేయకుండా విడిగా రాయాలంటాను. మెమర్ట్, హార్వే 2008లో ఆటతీరు సాధనంలోని లెక్కల చిక్కులు కొన్నింటిని ఎత్తిచూపారు. సరైనవాటిని తప్పులతో భాగిస్తే, ఒక్క తప్పూ చేయనివారి దగ్గర సున్నాతో భాగించవలసి వస్తుంది, లెక్క నిలవదు. నూటికి ఇంత అని వేసినా చిక్కే. రెండేసార్లు కదిలి రెండుసార్లూ సరిగ్గా చేసిన పిల్లకి నూటికి నూరు వస్తుంది. ఆ నూరు వెనక ఆమె ఆటంతా నిలబడే ఉందన్న నిజం దాక్కుంటుంది. కాబట్టి ఒకటి కాదు, రెండు అంకెలు పక్కపక్కన ఉండాలి: ఎంత బాగా ఆడింది, ఎంత ఆడనిచ్చారు.

ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు

ఈ పద్ధతుల్లో తోటి పిల్లలే పరిశీలకులుగా ఉండవచ్చు. యాభై మందికి ఒక్క పీఈటీ ఉన్న బడిలో ఇది వరం. కాగితం పట్టుకుని చూసిన పిల్లకి ఆట బాగా అర్థమవుతుంది కూడా. కానీ ఎవరి చేతిలో కాగితం పెడుతున్నామో గమనించాలి. ఆడే అబ్బాయిలు, రాసుకునే అమ్మాయిలుగా పని విభజన జరిగిపోతుంది. ఇది అన్నిటికన్నా సులువుగా జరిగే తప్పు. వంతులు ఖచ్చితంగా ఉండాలి. ఒక్కరు కాకుండా ఇద్దరు విడివిడిగా రాసి సరిచూసుకోవాలి.

బంతి అందకపోవడం అమ్మాయిలకే పరిమితం కాదు. అమ్మాయిల జట్టులోనే దళిత పిల్లకి, తండా నుంచి వచ్చిన పిల్లకి, వైకల్యం ఉన్న పిల్లకి బంతి ఎన్నిసార్లు వెళుతోందో లెక్క పెట్టండి. ఇద్దరు నాయకులు నిలబడి ఒక్కొక్కరినీ ఏరుకునే పద్ధతిలో జట్లు కట్టడం మానాలి. చివరిదాకా మిగిలిపోయే పిల్లకి ఆట మొదలవకముందే మార్కు పడిపోతుంది.

శరీరం గురించి కూడా చెప్పాలి. బరువుల అంకెలు తరగతిలో పైకి చదవకూడదు. నెలసరి రోజుల్లో కూర్చున్న పిల్లకి ఆ రోజు హాజరు మార్కు కోయకూడదు. ఆడతానంటే అడ్డు చెప్పకూడదు. తలకి గుడ్డ కట్టుకుని ఆడడాన్ని అంతర్జాతీయ ఫుట్‌బాల్ నియమాలు 2014లో, బాస్కెట్‌బాల్ నియమాలు 2017లో ఒప్పుకున్నాయి. మన బడిలో ముస్లిం అమ్మాయికి "యూనిఫాం లేదు" అని మార్కు తగ్గించే హక్కు ఎవరికీ లేదు. కబడ్డీ పట్లు నేర్పేటప్పుడు మగ ఉపాధ్యాయులు తాకి చూపించనక్కర్లేదు. పెద్ద తరగతి అమ్మాయిలతో చూపించవచ్చు. ఈ మాట ఎవరినో అనుమానించి కాదు. ఆట భయం లేకుండా నేర్చుకోవడం అమ్మాయి హక్కు కాబట్టి.

రెండు అభ్యంతరాలు

"ఆటకి కూడా మార్కులేమిటి? పిల్లల్ని హాయిగా ఆడుకోనివ్వరాదా?" అని మనలోనే కొందరంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కొలతలు పెంచడం వల్ల స్వేచ్ఛ పెరగదు. కానీ మన బళ్ళలో మార్కు లేని పీరియడ్ గతి ఏమిటో మనకి తెలుసు. పరీక్షలు దగ్గరపడగానే లెక్కల సారు తీసేసుకుంటారు. ఆ మిగిలిన కాస్త సమయంలోనూ గ్రౌండ్ అబ్బాయిలది, వరండా అమ్మాయిలది. గ్రేడు ఎలాగూ వేస్తున్నారు. వేస్తున్నప్పుడు దేన్ని చూసి వేస్తున్నారని అడగడం మన పని. ఈ కాగితాలు ర్యాంకులు కట్టడానికి వాడవద్దు. పద్మని నాగరాజుతో కాక, జూన్‌లో ఉన్న పద్మని డిసెంబరులో ఉన్న పద్మతో పోల్చాలి. ఉపాధ్యాయుడు తన బోధన సరిచూసుకోవాలి.

"అమ్మాయిలు బలహీనులు, వాళ్ళకి వేరే కొలత పెట్టాలి కదా?" అన్నది రెండో అభ్యంతరం. పరుగు వేగానికీ బరువులు ఎత్తడానికీ వేరే పట్టికలు ఉండవచ్చు. ఎప్పుడు కదలాలి, ఎవరికి ఇవ్వాలి, ఎక్కడ నిలబడాలి అన్నవాటికి ఆడ పట్టిక, మగ పట్టిక అక్కర్లేదు. కబడ్డీలో ఆరుగురు నిలబడి ఉన్నప్పుడు బోనస్ గీత దాటాలా, ఒకర్ని తాకి తిరిగి రావాలా అన్నది బుర్రతో తేల్చుకునే విషయం. ఇలాంటి ఆటలో పెద్ద భాగం తెలివి, చూపు, తోటివాళ్ళతో పొత్తు. ఆ భాగాన్ని చూడకుండా ఒట్టి బలాన్నే చూస్తే, అమ్మాయిలు ఓడిపోయే పరీక్షనే ఏరి పెట్టినట్టు.

నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్ళిన గుగులోతు సౌమ్య భారత ఫుట్‌బాల్ జట్టుకి ఆడింది. ఆమె పేరు చెప్పి ప్రతి బడీ గర్వపడవచ్చు. కానీ హక్కు అన్నది సౌమ్య కాగలిగే పిల్ల ఒక్కదానికే ఉండేది కాదు. ఎప్పటికీ జిల్లా జట్టుకి ఎంపిక కాని పిల్లకి కూడా వారానికి రెండు పీరియడ్లు చెమట పట్టేలా ఆడే హక్కు ఉంది.

మనం చేయగలిగింది

దీనికి పరికరాలు అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. మీరు పనిచేసే ఊళ్ళో బడికి వెళ్ళి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో, ఒక ఆటల పీరియడ్ చూడండి. నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. ఆ పిల్ల ఎన్ని నిమిషాలు ఆటలో ఉంది. ఖాళీ చోటుకి ఎన్నిసార్లు వెళ్ళింది. బంతి ఎన్నిసార్లు అందింది. అందినప్పుడు సరైన నిర్ణయం ఎన్నిసార్లు తీసుకుంది. నలుగురు పిల్లల్ని ఎంచుకోండి, ఒక్కొక్కరిని ఐదేసి నిమిషాలు చూడండి. పిల్లల పేర్లు రాయవద్దు, గుర్తులు పెట్టుకోండి.

ఆ కాగితంతో ముందు వ్యాయామోపాధ్యాయుల దగ్గరికే వెళ్ళండి. తప్పు పట్టడానికి కాదు. పదకొండు మంది జట్లు కాకుండా నలుగురేసి జట్లుగా చిన్న కోర్టుల్లో ఆడిస్తే అందరికీ బంతి అందుతుందని, కొన్నాళ్ళు "అందరి చేతా పడ్డాకే గోలు" అన్న నియమం పెట్టి చూడవచ్చని మాట్లాడండి. చాలామంది సార్లు, టీచర్లు ఇలాంటి మాట కోసమే ఎదురుచూస్తుంటారు. వాళ్ళ పీరియడ్ గురించి పట్టించుకునేవాళ్ళు ఎవరూ లేరు.

తర్వాత బడి యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలి. మీ ఊళ్ళో దాన్ని ఏ పేరుతో పిలిచినా ఆ తల్లులే అక్కడ ఉంటారు. మధ్యాహ్న భోజనం గురించి, మరుగుదొడ్ల గురించి అడగడం వాళ్ళు నేర్చుకున్నారు. ఇక మీదట "మా అమ్మాయికి ఆటల్లో ఎందుకు తక్కువ వేశారు?" అని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగాలి. "మా అమ్మాయికి బంతి ఎన్నిసార్లు ఇచ్చారు?" ఆ ప్రశ్నకి బడి దగ్గర కాగితం మీద జవాబు ఉండాలి. లేకపోతే, ఆ గ్రేడుని మనం ఒప్పుకోనక్కర్లేదు.